విండోస్ 11 అప్‌గ్రేడ్ సగంలో ఆగి వెనక్కి వచ్చేస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి ఇంట్లో పాత సిస్టమ్ ఉన్నవాళ్లకి ఇప్పుడు ఇదో పని. కొన్ని కంప్యూటర్లు ఏ పేచీ పెట్టకుండా విండోస్ 11కి మారిపోతాయి. కొన్ని మాత్రం గంటసేపు తిరిగి, రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయ్యి, చివరికి 'అన్‌డూయింగ్ ఛేంజెస్' అని చూపించి మళ్లీ పాత విండోస్ 10 దగ్గరికే తెచ్చి వదిలేస్తాయి. అప్పుడు షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: ఫార్మాట్ కొట్టేద్దాం సార్, ఫ్రెష్‌గా వేసేద్దాం.

ఫార్మాట్ తప్పని నేను అనను, కానీ అది చివర్లో చేయాల్సిన పని. సి డ్రైవ్ తుడిచేస్తే డెస్క్‌టాప్ మీద పడేసిన ఫొటోలు, డౌన్‌లోడ్స్‌లో ఉన్న పిల్లల సర్టిఫికెట్లు, ట్యాలీ డేటా, డీటీపీ చేసేవాళ్లయితే పాత అను ఫాంట్లు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), ఇవన్నీ ఒక్కదెబ్బకి పోతాయి, మళ్లీ కూర్చుకోవడానికి రోజులు పడుతుంది. పైగా అసలు అవసరమే ఉండకపోవచ్చు. అప్‌గ్రేడ్ ఊరికే ఆగదు. ఏ దశలో ఆగిందో, ఎందుకు ఆగిందో విండోసే ఒక కోడ్ రూపంలో చెప్తుంది, లాగ్ ఫైల్లో రాసి కూడా పెడుతుంది. అది చదివి, దానికి సంబంధించిన రిపేరు మాత్రమే చేస్తే సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్తున్నా. కమాండ్లు, ఎర్రర్ కోడ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను, మీరు కంప్యూటర్లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. కమాండ్ అన్నచోటల్లా స్టార్ట్ మెనూలో 'సీఎండీ' అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' తో తెరవాలి. మామూలుగా తెరిస్తే వీటిలో చాలా పనిచేయవు.

ముందు డేటా, తర్వాతే మిగతావి

డేటా బ్యాకప్ లేకుండా కింద చెప్పినవేవీ మొదలుపెట్టకండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంటే మంచిది, లేకపోతే కనీసం పెద్ద పెన్‌డ్రైవ్. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ లోపల మీ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ వచ్చేస్తాయి. ట్యాలీ డేటా ఎక్కడుందో చాలామందికి తెలియదు, ట్యాలీ తెరిచి కంపెనీ సెలెక్ట్ చేసే చోట డేటా పాత్ కనిపిస్తుంది, ఆ ఫోల్డర్ విడిగా తీసుకోండి. డీటీపీ సాఫ్ట్‌వేర్లకి ఇన్‌స్టాలర్, లైసెన్స్ వివరాలు చేతిలో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, తర్వాత వెతుక్కుంటే దొరకవు.

ల్యాప్‌టాప్ అయితే ఇంకోటి ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సౌకర్యం) మీకు తెలియకుండానే ఆన్ అయ్యి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే డేటా మీదే అయినా మీ చేతికి రాదు, ఏ షాపువాళ్లూ తీసివ్వలేరు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి బ్రౌజర్ ద్వారా లాగిన్ అయ్యి, డివైసెస్ దగ్గర రికవరీ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్ మొదటిసారి సెటప్ చేసింది వేరేవాళ్లయితే కీ వాళ్ల అకౌంట్‌లో ఉండొచ్చు, వాళ్లని అడగండి. అప్‌గ్రేడ్ అయ్యేదాకా బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి పెట్టుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేజీ కనిపించని హోమ్ ఎడిషన్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయాలి.

మీ సిస్టమ్‌కి అసలు అర్హత ఉందా

మైక్రోసాఫ్ట్ సైట్‌లో 'పీసీ హెల్త్ చెక్' అనే చిన్న యాప్ ఉంటుంది, అది వేసి చెక్ కొడితే ఏది ఉంది ఏది లేదు అని ఒక్కొక్కటి చూపిస్తుంది. కావాల్సినవి ఇవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, యూఈఎఫ్ఐ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యి మొదలయ్యే కొత్త పద్ధతి), టీపీఎం 2.0 (భద్రత కోసం బోర్డులో ఉండే ఏర్పాటు). ప్రాసెసర్ల విషయంలో స్థూలంగా ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి లిస్టులో ఉన్నాయి. ఐ5 అని పేరుంటే చాలనుకోవద్దు, ఐ5 తర్వాత వచ్చే నంబరు చూడాలి. ఐ5-7400 ఏడో జనరేషన్, లిస్టులో లేదు. ఐ5-8400 ఎనిమిదోది, ఉంది.

మీ విండోస్ 10 గనక 32 బిట్‌ది అయితే, ప్రాసెసర్ బాగున్నా సరే, పైనుంచి పైనే అప్‌గ్రేడ్ కాదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. ఈ ఒక్క కేసులో మాత్రం కొత్తగా వేసుకోక తప్పదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే 'సిస్టమ్ టైప్' దగ్గర తెలుస్తుంది.

టీపీఎం లేదని చూపిస్తే కంగారు పడకండి. ఎనిమిదో జనరేషన్ తర్వాతి బోర్డుల్లో అది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఆఫ్ చేసి ఉంటుంది అంతే. ముఖ్యంగా అసెంబుల్డ్ సిస్టమ్‌లలో. సిస్టమ్ ఆన్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్లండి. అసెంబుల్డ్ బోర్డుల్లో ఎక్కువగా డిలీట్ కీ, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు 'పీటీటీ' లేదా 'ప్లాట్‌ఫామ్ ట్రస్ట్ టెక్నాలజీ', ఏఎండీ బోర్డుల్లో 'ఎఫ్‌టీపీఎం'. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి వచ్చి, విండోస్‌లో రన్ బాక్స్ (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది) తెరిచి 'టీపీఎం.ఎంఎస్‌సీ' అని కొడితే స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి.

ఎంబీఆర్ డిస్క్: మన అసెంబుల్డ్ సిస్టమ్‌ల అసలు చిక్కు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మన దగ్గర షాపుల్లో కట్టించిన కంప్యూటర్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. రన్ బాక్స్‌లో 'ఎంఎస్‌ఇన్ఫో32' కొట్టి 'బయోస్ మోడ్' అన్న వరస చూడండి. యూఈఎఫ్ఐ అని ఉంటే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లిపోవచ్చు. అక్కడే సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు నమ్మకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే రక్షణ) ఆఫ్ అని ఉన్నా ఫర్వాలేదు, బోర్డుకి ఆ సౌకర్యం ఉంటే చాలు. 'లెగసీ' అని ఉంటే మాత్రం మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో (డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే తీరు) ఉన్నట్టే లెక్క, దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలి.

బయోస్‌లోకి వెళ్లి లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ పెట్టేస్తే సరిపోతుందని కొందరు చెప్తారు. అలా చేస్తే సిస్టమ్ బూటే అవ్వదు. ముందు డిస్క్ మార్చాలి, ఆ తర్వాతే బయోస్.

దీనికి విండోస్ 10లోనే ఒక టూల్ ఉంది, 1703 వెర్షన్ నుంచి వస్తోంది. డేటా పోకుండానే మారుస్తుంది. ముందు పరీక్ష: 'ఎంబీఆర్2జీపీటీ /వాలిడేట్ /అలౌఫుల్‌ఓఎస్'. స్లాష్‌కి ముందు ఒక స్పేస్ ఉండాలి. 'వాలిడేషన్ కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ' అని వస్తే తర్వాత అదే కమాండ్‌లో వాలిడేట్ బదులు 'కన్వర్ట్' పెట్టి కొట్టండి. అయిపోయాక రీస్టార్ట్ చేసి, బయోస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిలో బూట్ చేయించే ఆప్షన్) డిసేబుల్ చేసి, బూట్ మోడ్ యూఈఎఫ్ఐ పెట్టండి.

చాలా ఇళ్లలో ఆ వాలిడేషనే ఫెయిల్ అవుతుంది. కారణం ఇది. మన దగ్గర ఒకే హార్డ్ డిస్క్‌ని సి, డి, ఈ, ఒక్కోసారి ఎఫ్ దాకా ముక్కలు చేసి ఇవ్వడం అలవాటు. ఎంబీఆర్ డిస్క్‌లో మొదట సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే చిన్న ముక్క, తర్వాత సి, ఆ తర్వాత డి. మొత్తం మూడూ ప్రైమరీ పార్టిషన్లు, అంటే డిస్క్‌లో నేరుగా చేసిన ముక్కలు. నాలుగోది చేయబోతే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, అందులో 'ఈ' అక్షరం డ్రైవ్‌ని లాజికల్ పార్టిషన్‌గా పెడుతుంది. పైన చెప్పిన టూల్‌కి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉంటే పనికిరాదు, ప్రైమరీలు మూడుకి మించి ఉన్నా పనికిరాదు.

మీదీ అదేనా అని చూడ్డానికి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ముదురు నీలం పట్టీ ఉన్నవి ప్రైమరీలు. చుట్టూ ఆకుపచ్చ గీత గీసి ఉన్నది ఎక్స్‌టెండెడ్. ఆకుపచ్చ డబ్బాలో ఉన్న డ్రైవ్‌లలోని డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు ఫైళ్లు అక్కడి నుంచే తెరిచి చూసి, కాపీ సరిగ్గా అయిందని నమ్మకం కుదిరాక ఇక్కడ 'డిలీట్ వాల్యూమ్' చేయండి. డిలీట్ చేశాక కూడా ఆకుపచ్చ గీత లోపల 'ఫ్రీ స్పేస్' అని మిగులుతుంది, చాలామంది ఇక్కడితో ఆపేసి మళ్లీ అదే ఎర్రర్ అంటారు. ఆ ఫ్రీ స్పేస్ మీద కూడా రైట్ క్లిక్ చేసి 'డిలీట్ పార్టిషన్' కొట్టాలి, అప్పుడు పట్టీ నలుపు రంగులోకి మారి 'అన్‌అలొకేటెడ్' అని కనిపిస్తుంది. ఇప్పుడు వాలిడేట్ కొట్టి చూడండి. జీపీటీలోకి మారాక ఆ ఖాళీ జాగాలో 'ఈ' అక్షరం డ్రైవ్‌ని మళ్లీ చేసుకోవచ్చు. సి డ్రైవ్ గానీ, సిస్టమ్ రిజర్వ్‌డ్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు.

మొదలుపెట్టే రోజు

సి డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ చేసుకోండి. డి డ్రైవ్‌లో 400 జీబీ ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు, అప్‌గ్రేడ్ చూసేది సి డ్రైవ్‌నే. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్తే ఏవి తీసేయొచ్చో లిస్టు వస్తుంది. డౌన్‌లోడ్స్ అన్న గడిలో టిక్ ఉందేమో చూసి తీసేయండి, లేకపోతే మీ ఫైళ్లే పోతాయి. ఇంకా చాలకపోతే 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' అనే కమాండ్ హైబర్నేషన్ ఫైల్‌ని తీసేస్తుంది, ర్యామ్ ఎక్కువున్న సిస్టమ్‌లో దీంతో కొన్ని జీబీలు ఖాళీ అవుతాయి.

ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, ఎక్స్‌టర్నల్ డిస్క్, మెమరీ కార్డు, వెబ్‌క్యామ్ అన్నీ పీకేయండి. కీబోర్డు, మౌస్, మానిటర్, నెట్ కేబుల్ చాలు. బయటి కంపెనీ యాంటీవైరస్ ఉంటే డిసేబుల్ చేయడం కాదు, అన్‌ఇన్‌స్టాల్ చేయండి, విండోస్ డిఫెండర్ ఎలాగూ ఉంది. వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఉంటే అదీ తీసేయండి.

కరెంటు సంగతి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిజంగా ఆగుతోందా అని ఒకసారి గోడ స్విచ్ ఆఫ్ చేసి చూడండి, బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్‌లు పచ్చలైటు వేసుకునే కూర్చుంటాయి. ఎండాకాలంలో కోతలున్న చోట పొద్దున్నే మొదలుపెట్టడం మంచిది. నెట్ విషయానికొస్తే డౌన్‌లోడ్ చాలా జీబీలు ఉంటుంది కాబట్టి రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టి ఈ పని పెట్టుకోకండి, మధ్యలో స్పీడు పడిపోయి రోజంతా అక్కడే ఉంటుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఫైబర్ ఉంటే అక్కడ విండోస్ 11 ఇన్‌స్టాలర్ ఫైల్ (దీని గురించి కింద చెప్తాను) డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడమే నయం.

ఇంకొక్కటి, హార్డ్ డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే సరే. పసుపులో 'కాషన్' అని గానీ, ఎరుపులో 'బ్యాడ్' అని గానీ ఉంటే అప్‌గ్రేడ్ మానేసి ముందు డిస్క్ మార్చండి. అప్‌గ్రేడ్ అంటే డిస్క్ మీద గంటల తరబడి ఆగకుండా రాత, చావుకి దగ్గరపడ్డ డిస్క్ దాన్ని తట్టుకోదు. తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి నా సలహా ఎలాగూ ఒకటే, విండోస్ 11 వేసుకోవాలనుకుంటే చిన్నదైనా ఒక ఎస్ఎస్‌డీ కొనుక్కోండి. ర్యామ్ పెంచినా రాని తేడా దాంతో వస్తుంది.

ఆగిందా, నడుస్తోందా

శాతం ఒకచోట నిలబడిపోగానే పవర్ బటన్ నొక్కేయడం చాలామంది చేసే పని, చాలా నష్టం చేసే పని కూడా. హార్డ్ డిస్క్ మీద నడిచే సిస్టమ్‌లో ఒకే అంకె మీద గంట ఉండొచ్చు. క్యాబినెట్ ముందు హార్డ్ డిస్క్ లైట్ మినుక్కుమంటోందంటే లోపల పని జరుగుతోంది, వదిలేయండి. లైట్ అస్సలు కదలకుండా, మౌస్ కూడా కదలకుండా మూడు నాలుగు గంటలు ఉంటే అప్పుడు మాత్రమే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. చాలావరకు విండోస్ తనంతట తనే పాత స్థితికి వెళ్లిపోతుంది.

కోడ్ ఏం చెప్తోంది

వెనక్కి వచ్చేశాక సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, 'వ్యూ అప్‌డేట్ హిస్టరీ' తెరిస్తే కోడ్ ఉంటుంది. తెర మీద వచ్చినప్పుడే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. తరచుగా కనిపించేవి చెప్తాను.

0ఎక్స్80070070 అంటే జాగా చాలలేదు, సి డ్రైవ్ ఖాళీ చేయండి. 0ఎక్స్‌సి1900200 అంటే సిస్టమ్‌కి కనీస అర్హతలు లేవు, పైన పీసీ హెల్త్ చెక్ దగ్గరికి వెళ్లండి. 0ఎక్స్‌సి1900208 అంటే ఏదో ఒక ప్రోగ్రామ్ పడటం లేదు, ఎక్కువగా పాత యాంటీవైరస్. 0ఎక్స్‌సి1900107 వస్తే పోయినసారి ప్రయత్నం తాలూకు క్లీనింగ్ ఇంకా మిగిలి ఉంది, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. 0ఎక్స్800ఎఫ్0922 వస్తే వీపీఎన్ ఆఫ్ చేసి చూడండి, అదీ కాదంటే సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌లో జాగా లేదు. 0ఎక్స్80073712 అంటే అప్‌డేట్‌కి కావాల్సిన ఫైల్ ఏదో పాడైంది లేదా లేదు.

పాడైన ఫైళ్లకి రెండు కమాండ్లు, ఇదే వరసలో. మొదట 'డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్', నెట్ ఆన్‌లో ఉండాలి, మధ్యలో ఆగినట్టు కనిపించినా కదిలించకుండా వదిలేయండి. అది వంద శాతం అయ్యాక 'ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ'. తర్వాత రీస్టార్ట్. మొదటిది చేయకుండా రెండోది మాత్రమే చేసి పని కాలేదనేవాళ్లు ఎక్కువ. రెండోది పాడైన ఫైళ్ల బదులు మంచివి తెచ్చుకునే స్టోర్‌నే మొదటిది బాగుచేస్తుంది.

ఇక అందరికంటే మొండిది 0ఎక్స్‌సి1900101. దీనికి పక్కనే ఇంకో కోడ్ ఉంటుంది, 0ఎక్స్20017, 0ఎక్స్3000డీ, 0ఎక్స్40017 ఇలా. మొదటి భాగం దాదాపు ఎప్పుడూ డ్రైవర్ తగాదా అని చెప్తుంది. రెండో భాగంలో ఎక్స్ తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి, అది దశ. 1 అయితే ఇంకా పాత విండోస్‌లో ఉండగానే ఆగింది. 2 అయితే మొదటి రీస్టార్ట్ అయ్యాక, సేఫ్ ఓఎస్ అనే మధ్యంతర దశలో. 3 అయితే కొత్త విండోస్ మొదటిసారి బూట్ అవుతుండగా. 4 అయితే రెండోసారి బూట్‌లో, అంటే దాదాపు ఒడ్డుకి వచ్చాక.

2తో మొదలైతే నేను ముందు అనుమానించేది డిస్క్‌కి సంబంధించిన డ్రైవర్లు, బయటి కంపెనీ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్, పాత బయోస్. 3, 4 అయితే గ్రాఫిక్స్, వైఫై, సౌండ్ డ్రైవర్లు. ఇవన్నీ తయారీ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి అక్కడి నుంచే దించుకోండి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, ఉన్న తగాదాకి ఇంకోటి తెచ్చి పెడతాయి.

ఏ డ్రైవర్ అన్నది ఊహించడం కష్టం కాబట్టి మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'సెటప్‌డయాగ్' అనే చిన్న టూల్ వాడండి. ఒక ఫోల్డర్‌లో పెట్టి రన్ చేస్తే లాగ్‌లన్నీ అదే చదివి, అక్కడే 'సెటప్‌డయాగ్‌రిజల్ట్స్' అనే ఫైల్ చేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మా బావగారి ఇంట్లో అసెంబుల్డ్ సిస్టమ్ ఎన్నిసార్లు పెట్టినా రెండో దశలోనే వెనక్కి వచ్చేసేది, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చారు, ర్యామ్ తీసి తుడిచి పెట్టారు, ఏం లాభం లేదు. ఆ ఫైల్ తెరిస్తే ఒక డ్రైవర్ ఫైల్ పేరు ఉంది, వెతికితే అది ఎప్పుడో బ్రాడ్‌బ్యాండ్ రాకముందు వాడిన యూఎస్‌బీ నెట్ డాంగిల్‌ది. డాంగిల్ ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తులేదు గానీ దాని డ్రైవర్ మాత్రం సిస్టమ్‌లో అలాగే కూర్చుని ఉంది. డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' పెడితే ఇప్పుడు తగిలించి లేని పరికరాలు వెలిసిపోయిన రంగులో కనిపించాయి, అందులో మోడెమ్స్ కింద అది ఉంది. అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, డ్రైవర్ ఫైల్‌ని కూడా తీసేయమని అడిగే గడిలో టిక్ పెట్టి తీసేశాక అప్‌గ్రేడ్ నడిచింది. మీ సిస్టమ్‌లో కూడా ఈ లిస్టు ఒకసారి చూడండి. పాత ప్రింటర్లు, పాత ఫోన్లు, టీవీ ట్యూనర్ కార్డులు ఉంటే తీసేయండి. అర్థం కాని పేర్లు, ముఖ్యంగా 'సిస్టమ్ డివైసెస్' కింద ఉన్నవి మాత్రం కదిలించొద్దు.

బయోస్ అప్‌డేట్ కూడా కొన్నిసార్లు ఈ కోడ్‌కి మందు. కానీ అది జరుగుతుండగా కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు, కాబట్టి నమ్మకమైన యూపీఎస్ లేకుండా చేయకండి.

విండోస్ అప్‌డేట్ కాకుండా ఇంకో దారి

పైవన్నీ చేసినా విండోస్ అప్‌డేట్ నుంచి ఎక్కకపోతే ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దారి పట్టండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే విండోస్ 11 ఐఎస్ఓ ఫైల్ దించుకుని, దాని మీద డబుల్ క్లిక్ చేస్తే కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, అందులో 'సెటప్' నొక్కండి. ఇది విండోస్ 10 నడుస్తుండగానే చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి మొదలుపెడితే ప్రోగ్రాములు ఉంచే అవకాశమే ఉండదు, అది కొత్తగా వేయడమే అవుతుంది. సెటప్ మొదట్లో 'ఛేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్' అని చిన్న లింకు ఉంటుంది, అక్కడ 'నాట్ రైట్ నౌ' పెట్టండి, ఆ తర్వాత నెట్ కేబుల్ కూడా తీసేయొచ్చు.

చివర్లో 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' అన్నది సెలెక్ట్ అయి ఉండాలి. అది నొక్కడానికి రాకుండా మసకగా ఉంటే అక్కడే ఆగండి, నెక్స్ట్ కొట్టొద్దు. మీ విండోస్ భాష ఒకటి, ఐఎస్ఓ భాష ఇంకోటి అయినప్పుడు ఇలా వస్తుంది. కొందరి సిస్టమ్‌లో ఇంగ్లీష్ యునైటెడ్ స్టేట్స్ ఉంటుంది, కొందరిలో ఇంగ్లీష్ ఇంటర్నేషనల్, రెండూ వేరు. కమాండ్‌లో 'డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /గెట్-ఇంటల్' కొట్టి 'డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్' చూసి, ఆ భాష ఐఎస్ఓనే దించుకోండి.

అర్హత లేదని తేలితే

రిజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోట) మార్పు చేసి, లేదా రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ చేసి, అర్హత లేని సిస్టమ్‌లో కూడా విండోస్ 11 ఎక్కించొచ్చు. ఎక్కుతుంది, నడుస్తుంది. కానీ అలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్తోంది. ఇంట్లో బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేసే కంప్యూటర్‌కి ఆ దారి నేను చెప్పను. విండోస్ 10లోనే ఉంటూ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరితే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ సింక్ పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. చేరే లింకు విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది. ఆ కంప్యూటర్ బ్రౌజింగ్‌కి, పిల్లల చదువుకి మాత్రమే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూడండి, పాత ఐ3 మీద కూడా హాయిగా నడుస్తుంది.

ఎక్కాక చేయాల్సినవి

ముందు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూడండి. విండోస్ 10 అసలైనదైతే విండోస్ 11 దానంతటదే యాక్టివేట్ అవుతుంది, మళ్లీ కొనక్కర్లేదు. వైఫై గానీ సౌండ్ గానీ పోతే తయారీ కంపెనీ సైట్ నుంచి విండోస్ 11 డ్రైవర్ వేయండి. పీకేసిన పరికరాలు అన్నీ ఒకేసారి పెట్టకుండా ఒక్కొక్కటిగా తగిలించి చూడండి, ఏదైనా తేడా వస్తే దేనివల్లో వెంటనే తెలుస్తుంది. బిట్‌లాకర్ సస్పెండ్ చేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి.

పాత విండోస్ 10కి తిరిగి వెళ్లడానికి పది రోజులు గడువు ఉంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' అని కనిపిస్తుంది. నెలాఖరు లెక్కలు, రిటర్నులు చేసేదాకా ట్యాలీ, టోకెన్ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తెలియదు కాబట్టి ఆ పది రోజులు చాలకపోవచ్చు. గడువు అయిపోకముందే 'డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60' అని కొడితే అరవై రోజులకి పెరుగుతుంది. అప్పటిదాకా సి డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్ పది ఇరవై జీబీలు తింటూ ఉంటుంది, తీసేయొద్దు. అంతా బాగానే ఉందని తేలాక స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' దగ్గర టిక్ పెట్టి తీసేయండి.